కరవని పిడుదు

ఆ సెప్టెంబరు నెలంతా దోనా ఒజీలియా బొటనవేళ్ల గోళ్లు నల్లగా ఉండేవి. ఊరంతా దోనా, అంటే అమ్మగారు, అని పిలిచే ఆమె గుర్రపు జీనులు కుట్టే మనిషి. తోలు రంగూ, మైనమూ, దారం కోసిన గాట్లూ ఆ చేతులకు ఎప్పుడూ ఉండేవే కనుక, ఊళ్లో ఎవరూ ఆ నలుపును ప్రత్యేకంగా పట్టించుకోలేదు. నేను గమనించాను. కారణం కూడా నాకు తెలుసు. అయినా అందులోని అపాయం నా ఊహకు అందలేదు. ఇరవై ఆరేళ్లు విశ్వవిద్యాలయంలో పిడుదుల జాతులను వర్గీకరించినవాడికి ఇది చిన్న లోపం కాదు.

మా ఇళ్లు ఎదురెదురుగా ఉంటాయి. వాళ్ల ఇంటి ముందుగదిలో జీనుల పని; వెనుక పచ్చిక బయలు పల్లంగా దిగి ఒక మురుగు కాలువ దగ్గర ముగుస్తుంది; కాలువ అవతల చక్కెర మిల్లువారి చెరకు. నది అక్కడికి రెండు కిలోమీటర్ల దూరం. ఆ బయల్లో గరోవా అనే బూడిదరంగు ఆడగుర్రం మేసేది. ఇంట్లో ఒజీలియా, ఆమె చెల్లెలు లియొనీసీ, ఇద్దరే ఉండేవారు. ఆ ఏడు ఫిబ్రవరిలో లియొనీసీకి కడుపులో పెద్ద ఆపరేషన్ జరిగినప్పుడు, చెల్లెలు ప్రాణాలతో బయటపడితే గరోవా మీద మా దేశానికి ఇలవేల్పు అయిన అపరెసీదా మాత గుడికి యాత్ర చేస్తానని అక్క మొక్కుకుంది. మా ఊరి రౌతులు ఏటా అక్టోబరు ఎనిమిదిన బయలుదేరి, నాలుగు రోజులు ప్రయాణించి, పండుగనాటికి అక్కడికి చేరుతారు.

మామూలు యాత్రికులు తమ గుర్రాలకు పిడుదుల మందు కొట్టిస్తారు. మొక్కు మీద వెళ్లేవారు కొట్టించరు. విషపు వాసన వేసే జంతువును తల్లి ముందు నిలబెట్టకూడదనీ, చెవి మొదలు గిట్ట దాకా దానిని మొక్కుకున్న మనిషే స్వయంగా చేత్తో శుభ్రం చేయాలనీ మా వైపు నియమం. ఎందుకని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు.

సెప్టెంబరు మొదటివారంలో ఆమె ఒక అగ్గిపెట్టె పట్టుకుని నా గుమ్మంలో నిలబడింది. లోపల పదకొండు పిడుదులున్నాయి. కొన్నింటి వీపు మీద తెల్లని మచ్చ. దానివల్లనే వాటిని ఇక్కడ నక్షత్ర పిడుదులంటారు.

“ప్రొఫెసరు గారూ, వీటి సంగతేంటో కాస్త చెప్పండి. సాయంత్రం ఏరేస్తే పొద్దున్నకి మళ్లీ అన్నీ ఉంటున్నాయి. గుర్రమే కంటోందా ఏంటి వీటిని?”

నేను కూర్చోమన్నాను. ఆమె కూర్చోలేదు. పాపం, నిలబడే పావుగంట విన్నది. తాగినంత తాగి రాలిపడిన ఒక్క ఆడ పిడుదు ఎండుగడ్డి కింద ఐదారు వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుందని చెప్పాను. వాటినుండి ఆరుకాళ్ల పిల్లలు పుట్టి, ఒక జంతువును పట్టుకుని తాగి, రాలి, కుబుసం విడిచి ఎనిమిది కాళ్లతో లేస్తాయనీ, మరో జంతువును పట్టుకుంటాయనీ, మళ్లీ రాలి, చివరికి పెద్దవై మూడో జంతువును వెతుక్కుంటాయనీ వివరించాను. ఆమెకు కావలసిన మాట గుడ్ల దగ్గరే దొరికింది. అప్పటిదాకా ఆమె ఏరిన ప్రతి పిడుదునూ కాలువ గట్టున విసిరేస్తూ వచ్చిందట.

“అంటే ఇన్నాళ్లూ విత్తనాలు చల్లానన్నమాట. ఎరువు కూడా వెయ్యకుండా ఇంత పంట తీసినదాన్ని ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయుంటాను,” అంది.

వాటిని ఎలా చంపాలని అడిగింది. “ఎలాగైనా సరే, నేలమీద మాత్రం పడనివ్వకండి,” అన్నాను. ఆ ‘ఎలాగైనా సరే’ అన్న మాటను తరువాత నేను చాలాసార్లు తలచుకోవలసి వచ్చింది.

ఆనాటినుండి ప్రతి సాయంత్రం, కుట్టుపని ముగించి, ఆమె వెనుక వరండాలో పీట వేసుకుని కూర్చునేది. గరోవా తల వంచి నిలబడేది. ఒక్కొక్క పిడుదునే తీసి, పేనును కుక్కినట్లు రెండు బొటనగోళ్ల మధ్య పెట్టి కుక్కి, తొక్కను పింగాణీ గిన్నెలో వేసేది. ఇరవై అయినప్పుడల్లా మైనపు దారానికి ఒక ముడి. మొక్కు లెక్క తల్లికి అప్పజెప్పాలి కదా అనేది. లియొనీసీ వంటింట్లోంచి ఎత్తిపొడిచేది: “అక్కా, నువ్వు దేవతకి మొక్కుకున్నావా, పిడుదులకి పాడె కడతానని మొక్కుకున్నావా?” అక్క ఇంకో ముడి వేసేది.

శనివారం శనివారం బాగా తాగిన పిడుదులను కొన్నింటిని ప్రాణంతోనే సీసాలో వేసి, ‘మీ వాటా’ అంటూ నా బల్లమీద పెట్టి వెళ్లేది. వాటిని తడి దూది వేసిన గొట్టాలలో, తేదీ రాసి, అరలో పెట్టుకునేవాణ్ని. నాకు ఆ వాటా సంతోషంగా ఉండేది.

యాత్రకు ఇంకా నాలుగు రోజులుందనగా, పొద్దున్నే లియొనీసీ వచ్చింది. అక్కకు మూడు రోజులుగా జ్వరమట. తల బద్దలైపోతోందట, నడుమూ పిక్కలూ ఎవరో కర్రతో బాదినట్లున్నాయట. ఆరోగ్య కేంద్రంలో సెలైన్ పెట్టి పడుకోబెట్టారు. అక్కడి డాక్టరు థాయిస్ దూరాన ఉన్న రెసీఫీ నగరం నుండి వచ్చిన యువతి. డెంగీ జ్వరాలను వేలల్లో చూసిన మనిషి. అయినా, పిడుదుల జ్వరం నది ఒడ్డునే ఎక్కువ కనుక, నది వైపు వెళ్లారా, పిడుదు కరిచిందా అని అడిగిందట. నది మొహం చూసి ముప్ఫయ్యేళ్లయిందనీ, ఈ జన్మలో తనను ఏ పిడుదూ కరవలేదనీ ఒజీలియా ప్రమాణం చేసిందట. అంతటితో వదలక డాక్టరు జుట్టు కుదుళ్లూ, చంకలూ, తొడలూ వెతికి, ఎక్కడా కాటు కనబడక, డెంగీ అని తేల్చి, నీళ్లు బాగా తాగమనీ, జ్వరం మాత్ర వేసుకోమనీ చెప్పింది. సాయంత్రం ఆరింటికి ఇంటికి పంపించేస్తారట.

లియొనీసీ దిగులు మాత్రం వేరే. మొక్కు మధ్యలో ఆగకూడదు.

“మీ చేతులు పరాయివి కావు. అక్క వాటా ఇచ్చిన చేతులే. మిగిలినవి మీరు ఏరిపెట్టండి, తల్లి ఏమీ అనుకోదు,” అంది.

ఒప్పుకున్నాను. పట్టకారు, స్పిరిట్ సీసా తీసుకుని వెళ్లి, గుర్రం పక్కన నిలబడి, అలవాటు చొప్పున రబ్బరు తొడుగులు తొడుక్కున్నాను. లియొనీసీ నవ్వింది.

“గుర్రానికి ఆపరేషన్ చేస్తారా ఏంటి? అక్క వట్టి చేతుల్తోనే అన్నింటినీ చంపింది.”

నా చేయి గుర్రం మెడ మీదనే ఆగిపోయింది. పీట పక్కన పింగాణీ గిన్నె ఉంది. దాని అంచున ఎండిన నల్లని చారలు. మేకుకు మైనపు దారం వేలాడుతోంది. దాని కిందనే తోలు గుచ్చే ఆరె, సగం కుట్టిన జీను పటకా. వాటిని వరుసగా చూశాను. నా తొడుగులు నేను ఎందుకు తొడుక్కున్నానో ఒక్కసారిగా నాకే అర్థమైంది.

ప్రాణాలు తీసే ఆ పిడుదుల జ్వరాన్ని మచ్చల జ్వరమంటారు. దాని బాక్టీరియా పిడుదు నోట్లో మాత్రమే కాపురముండదు. రక్తంతో కడుపులోకి వెళ్లి, పేగు గోడ దాటి, ఒళ్లంతా పారే ద్రవంలో కలిసి, లాలాజల గ్రంథులదాకా, కొన్ని ఆడవాటిలో గుడ్లదాకా చేరుతుంది. కాటు దాని దారులలో ఒకటి మాత్రమే. పిడుదును చిదిపితే ఆ ద్రవమంతా గోళ్ల కిందికి వస్తుంది. గోటి పక్కన దారం కోసిన గాటు ఉంటే అంతకు మించిన గుమ్మం అక్కర్లేదు. ఇంకొకటి కూడా ఉంది. ఆకలిగా గడ్డిపరక మీద వేచి ఉన్న పిడుదులో ఈ బాక్టీరియా దాదాపు నిద్రపోతూ ఉంటుంది. వెచ్చని రక్తం కొన్ని గంటలు తాగాకనే మేలుకుంటుంది. అందుకే ఒంటిమీద పాకుతున్న పిడుదును వెంటనే తీసేస్తే అంత భయం లేదంటాము. కాని ఒజీలియా చిదిపినవి గడ్డిమీదివి కావు. రెండు మూడు రోజులు గరోవా రక్తం తాగి ఉబ్బినవి. నిద్ర లేచినవి.

అప్పుడే పరుగెత్తవలసింది. నేను ఆధారం కోసం ఇంటికి వెళ్లాను. నా చదువు నాకు నేర్పిన మర్యాద అది.

అరలోని ‘వాటా’ గొట్టాలన్నీ దించి బల్లమీద పరచాను. ఈ పరీక్ష చిన్నదే కాని ఓర్పు కావాలి. పిడుదు కాలి చివరను సన్నని కత్తెరతో కత్తిరిస్తే నీళ్లలాంటి బొట్టు ఒకటి ఊరుతుంది. దానిని గాజు పలక మీద అద్ది, ఆరబెట్టి, రంగులు పట్టించి సూక్ష్మదర్శినిలో చూడాలి. ఆకుపచ్చని మైదానంలో ఎర్రని సన్నని పుల్లలు కనబడితే ఆ పిడుదులో ఉన్నట్లు. మొదటి పదింటిలో లేవు. ఇరవయ్యోదానిలో ఎర్రగా ఏదో మెరిసింది. చూడగా అది రంగు గడ్డకట్టిన మరక. ముప్ఫైలో లేవు. నలభయ్యోది ముగిసేసరికి గోడ గడియారం నాలుగున్నర చూపుతోంది. నలభై పలకలూ స్వచ్ఛమైన ఆకుపచ్చ.

తల ఎత్తి కిటికీలోంచి చూశాను. గరోవా బయలు పల్లంలో, కాలువ పక్కన మేస్తోంది. అంత దిగువన గడ్డి అంత పొట్టిగా ఎందుకుందో నాకు బోధపడలేదు. ఒక్క గుర్రం అంత నున్నగా కొరకలేదు. నడిచి వెళ్లాను.

కాలువ గట్టున కంచె అడుగు తీగ పైకి వంగి ఉంది. దాని కింద నేల నునుపుగా అరిగి దారి అయింది. ముళ్లకు గోధుమరంగు బిరుసు వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. గడ్డిలో ఆలివ్ కాయల్లాంటి పెంటికలు, గుట్టలు గుట్టలుగా. కాపిబారాలు, నీటి ఒడ్డున బతికే పందంత ఎలుకజాతి జంతువులు, నదిని వదిలి కాలువ వెంట చెరకులోకి వచ్చి, చెరకులోనుండి రాత్రులు ఈ పచ్చికకు వస్తున్నాయి. బురదలో వేళ్లు విప్పుకున్న వాటి అడుగులు నా అరచేయంత ఉన్నాయి. వాటి మధ్య మధ్య చిన్న నాణెమంత పిల్లల అడుగులు.

ఆ చిన్న అడుగుల దగ్గర నేను చాలాసేపు వంగి ఉన్నాను. ఏళ్లుగా కాగితం మీద చదివిన విషయం బురదలో అచ్చుపడి కనిపిస్తోంది. ఈ బాక్టీరియా పిడుదుకు కూడా భారమే. ఇది సోకిన తల్లి తక్కువ గుడ్లు పెడుతుంది. పెట్టినవాటిలో కొన్నింటికే ఇది సంక్రమిస్తుంది. కేవలం తల్లినుండి పిల్లకు అందుతూ ఉంటే కొన్ని తరాలలో అంతరించిపోవలసిందే. కనుక ఏటా ఏదో ఒక జంతువు రక్తంలో పెరిగి, కొత్త పిడుదులకు అందాలి. పెద్ద కాపిబారా ఒకసారి సోకి తేరుకుంటే దాని రక్తంలో మళ్లీ ఎక్కువ పెరగదు. పిల్లకు మాత్రం అది మొదటిసారి. ఒకటి రెండు వారాలపాటు దాని రక్తం నిండా ఇదే ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లో దానిని పట్టుకున్న ఆరుకాళ్ల పిడుదు పిల్లలు దీనిని తాగి, రాలి, కుబుసాలు విడిచినా పోగొట్టుకోకుండా, పెద్దవై గుర్రం మీదికి ఎక్కుతాయి. కిందటేడు కూడా ఇక్కడ పిల్లలు పుట్టి ఉంటే అదే జరిగి ఉండాలి. గుర్రం నదికి వెళ్లలేదు. నది పాపం తానే నడిచి వచ్చింది.

తిరిగి వస్తూ వరండాలో మేకుకున్న దారాన్ని చేత్తో పట్టుకుని ముడులు లెక్కపెట్టాను. నలభై ఆరు. అంటే తొమ్మిది వందల ఇరవై పిడుదులు. ఈ జాతిలో, సోకిన చోట కూడా, నూటికి ఒకదానిలోనైనా ఇది ఉండడం అరుదు. నా నలభై పలకలు ఆకుపచ్చగా ఉండడంలో వింత లేదు. అవి ఏమీ నిరూపించవు, ఏమీ కొట్టివేయవు. తొమ్మిది వందల ఇరవైలో ఒక్కటి చాలు. పగలంతా దండగ చేశాను.

ఐదున్నరకు ఆరోగ్య కేంద్రం చేరాను. డాక్టరు థాయిస్ సంచి సర్దుకుంటోంది. మచ్చల జ్వరపు మందు ఈ రాత్రే మొదలుపెట్టాలన్నాను. ఆమె విసుగు చూపలేదు; కుర్చీ చూపింది. కాటు లేదని, ఒంటిమీద దద్దుర్లు లేవని, మూడు వారాలుగా ఊళ్లో డెంగీ కేసులు వస్తున్నాయని వరుసగా చెప్పింది. ఆమె స్థానంలో నేనున్నా అలాగే అనుకునేవాణ్ని.

“మీ దగ్గర ఆధారం ఉందా?” అని అడిగింది.

“లేదండీ. నలభై పిడుదులు చూశాను. ఒక్కదాన్లో కూడా లేదు.”

“అయితే మరి?”

“ఆమె తొమ్మిది వందల ఇరవై చిదిపింది. గోళ్లతో.”

డాక్టరు సంచిని కింద పెట్టింది. ఆ తరువాత నేను చెప్పినదంతా మధ్యలో ఆపకుండా విన్నది: గోళ్ల సంగతి, మేలుకున్న బాక్టీరియా, కాలువ గట్టున చిన్న అడుగులు. రక్తపరీక్ష ఫలితం రావడానికి రెండు వారాలు పైనే పడుతుందని, దద్దుర్లు వచ్చేదాకా ఆగితే మందు పనిచేసే వేళ దాటిపోవచ్చని ఆమెకు నేను చెప్పనక్కర్లేదు. ఆమే ఆ మాట మెల్లగా, తనలో తాను అనుకున్నట్లు అంది. తరువాత లేచి మంచం దగ్గరకు నడిచింది.

ఒజీలియా కళ్లు మూసుకుని ఉంది. డాక్టరు ఆమె చేతులు రెండూ తీసుకుని దీపం కిందికి తిప్పింది. గోళ్లలో నలుపు. కుడి బొటనవేలి పక్కన దారం కోసిన గాటు, సగం మానినది, పెదవిలా తెరుచుకుని ఉంది.

“అమ్మా, మీరు పిడుదుల్ని చేత్తో నలిపారా?”

“నలిపాను. నెల్రోజులు.”

“మరి పొద్దున్న నేనడిగితే చెప్పలేదేం?”

ఒజీలియా ఒక కన్ను తెరిచింది. “మీరడిగింది అవి నన్నేం చేశాయని. నేను వాటినేం చేశానని అడగలేదు కదమ్మా.”

డాక్టరు మందుల అలమారా తాళం తీసి, డాక్సీసైక్లిన్ మాత్ర తెచ్చి, తానే తల ఎత్తి పట్టి మింగించింది. రక్తం తీసి గొట్టం మీద తేదీ రాసింది. ఒజీలియాను ఇంటికి పంపలేదు. లియొనీసీ మంచం పక్కన బెంచీ మీద జపమాల తిప్పుతూ కూర్చుంది.  

తెల్లవారేసరికి మణికట్ల మీద, చీలమండల మీద గులాబిరంగు చుక్కలు పొడిచాయి. మధ్యాహ్నానికి అరచేతుల్లోకి పాకాయి. మొదటి చుక్క పొడిచేసరికే మందు పన్నెండు గంటలుగా ఒంట్లో ఉంది.  నాలుగో రోజు సాయంత్రం జ్వరం దిగింది. ఆ రోజు పొద్దునే మా ఊరి రౌతులు జెండాలు పట్టుకుని ఆరోగ్య కేంద్రం ముందునుండే యాత్రకు వెళ్లారు. గిట్టల చప్పుడు వింటూ ఒజీలియా ఏ గుర్రం ఎవరిదో కళ్లు తెరవకుండానే పేర్లు చెప్పింది.

మూడు వారాల తరువాత రెండో రక్తపు నమూనా కూడా పరీక్షై, అది మచ్చల జ్వరమేనని రాజధానినుండి కాగితం వచ్చింది. అప్పటికి ఆమె మళ్లీ ఆరె పట్టుకుంది. నేను వెళ్లి ఆ ‘ఎలాగైనా సరే’ సంగతి చెప్పుకున్నాను. చిదపవద్దని అప్పుడే ఒక్క మాట చేర్చి ఉండవలసిందన్నాను. ఆమె దారం పళ్లతో కొరికి, ముడి బిగించి, అప్పుడు మాట్లాడింది.

“మీరు అడిగినదానికే జవాబు చెప్తారు. నేనూ అంతే. ఆ డాక్టరమ్మ మన మధ్య ఇరుక్కుంది పాపం.”

డాక్టరు థాయిస్ మాత్రం తన ప్రశ్నల కాగితం మీద, ‘పిడుదు కరిచిందా?’ అన్న అచ్చు వరుస కింద, ‘చేత్తో నలిపారా?’ అని సిరాతో రాసుకుని, అలాగే నకళ్లు తీయించింది.

మరుసటేడు ఒజీలియా మొక్కు తీర్చింది. కాలువ గట్టున కంచెకు దట్టమైన వల వేయించింది. గరోవాను మళ్లీ చేత్తోనే శుభ్రం చేసింది, నియమం తప్పలేదు. అయితే ఆ చేతికి తొడుగు ఉంది, చేతిలో నా పట్టకారు ఉంది. దానికి ఆమె తోలుతో ఒక ఒర కుట్టింది. ఏరినవన్నీ స్పిరిట్ సీసాలో వేసింది. ఆ సీసాను, నలభై ఆరు ముడుల పాత దారాన్ని మాత గుడిలో, కోరిక తీరినవారు గుర్తులు తెచ్చిపెట్టే మొక్కుల గదిలో పెట్టాలని పట్టుబట్టింది. మైనపు కాళ్లూ, ఊతకర్రలూ, పెళ్లిబట్టలూ ఉండే గదిలో పిడుదులకు చోటేమిటని లియొనీసీ సాధించింది. నేను లియొనీసీని కారులో తీసుకుని పండుగనాటికి అక్కడ కలిశాను.

చీటీ లేని సీసాను ఎక్కడా వదలను. గుడి మెట్లమీద కూర్చుని రాశాను: జాతి పేరు, ఊరు, తేదీ, సేకరించినవారు ఒజీలియా. ‘ఏ జంతువు మీద’ అన్న చోట ‘గుర్రం’ అని రాశాను. ఆమె భుజం మీదినుండి వంగి చదివింది.

“గుర్రం అంటే ఏ గుర్రం? దానికి పేరు లేదా?”

చీటీలమీద జంతువుల ముద్దుపేర్లు రాయడం మా శాస్త్రంలో లేదు. మిగిలిన కాస్త చోటులో సన్నగా ‘గరోవా’ అని ఇరికించాను. ఆమె తృప్తిగా సీసా అందుకుని, రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి తిరిగింది.

“ఆ జంతువు వరసలో నా పేరు మాత్రం రాయకండి, ప్రొఫెసరు గారూ. నన్ను ఏదీ కరవలేదు.”